సంచి మేత, ఫ్లోటింగ్ మేత: పక్కపక్క రెండు చెరువులు, 214 రోజుల డైరీ

చేపల చెరువులో ఫ్లోటింగ్ మేతకి, అంటే నీటి మీద తేలే గుళికల (పెల్లెట్) మేతకి, మారదామని చూస్తున్నవాళ్లు ముందుగా మొదటి దశ చదవండి. నా డబ్బు ఎక్కువగా పోయింది అక్కడే, అదీ అక్షరాలా గాలికి. మధ్యలో కనిపించే మంచి అంకెలు చూసి మేత బుక్ చేసేయకండి. చివరి దశ కూడా చూశాక నిర్ణయించుకోండి.

చెరువులు, పిల్ల, మేత

మావి ఆకివీడు దగ్గర, కొల్లేరు అభయారణ్యం హద్దైన ఐదో కాంటూరుకి బయట ఉన్న చెరువులు. రెండెకరాలవి రెండు, మధ్యలో ఒకటే గట్టు. ఒకే కాలవ నీరు, లోతు రెండిట్లోనూ 1.6 మీటర్ల దరిదాపు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు లేవు.

జనవరి 18న రెండిట్లోనూ జీరో సైజు (నర్సరీ చెరువులో కొంత పెంచిన) చేపపిల్ల వదిలాం. ఒక్కోదాంట్లో శీలావతి 4,000 (సగటు 150 గ్రా), బొచ్చె 400 (సగటు 250 గ్రా). అంటే చెరువుకి 700 కిలోలు. 4,000 అన్నది పిల్ల తెచ్చినవాళ్లు గంపల మీద చెప్పిన లెక్క, నేను లెక్కపెట్టింది కాదు.

తూర్పు చెరువులో మా నాన్న హయాం నుంచీ నడుస్తున్న సంచి మేత. పడమటి దాంట్లో ఫ్లోటింగ్ పెల్లెట్.

సంచి మేత అంటే తెలియని జిల్లాలవాళ్ల కోసం: యూరియా బస్తా లాంటి ప్లాస్టిక్ సంచికి అడుగున రెండు వరసల్లో చిల్లులు పెడతారు. పొడి మేత పోసి, చెరువులో పాతిన వెదురు రాటలకి వరసగా నీళ్లలోకి వేలాడగడతారు. చేప వచ్చి చిల్లుకి మూతి ఆనించి పీల్చుకుంటుంది. ఇది ఏ పరిశోధన కేంద్రం నుంచో వచ్చింది కాదు, మన కోస్తా చెరువుల రైతులే కనిపెట్టుకున్న పద్ధతి. శీలావతి నడిమి నీళ్లలో తిరిగే చేప, మూతి కాస్త కిందికి ఉంటుంది, పెదవి అంచున కుచ్చులుంటాయి. ఆ మూతికి సంచి చిల్లు అమర్చినట్టు సరిపోతుంది.

సంచి మేత కలిపింది ఇలా:

1. నూనె తీసిన తవుడు (డీఓబీ) 80 శాతం, కిలో 18 రూపాయలు
2. వేరుశనగ చెక్క 10 శాతం, కిలో 48
3. పత్తి చెక్క 10 శాతం, కిలో 36
4. ఉప్పు, మినరల్ మిక్చర్ కలుపుకుని మొత్తం మీద కిలో 24 రూపాయలు పడింది. మాంసకృత్తులు ఇంచుమించు 20 శాతం.

పెల్లెట్: 28 శాతం మాంసకృత్తులది, 3 మిల్లీమీటర్ల సైజు, కిలో 44 రూపాయలు.

రెండు చెరువుల మీదా పనిచేసింది బాబాయి. సొంత బాబాయి కాదు గానీ ఇరవయ్యేళ్లుగా మా సంచులు కడుతున్న మనిషి. ఖాళీ సంచి చేత్తో ఎత్తి చూసి రేపు ఎంత కట్టాలో చెప్పేస్తాడు. నా కాటాని చివరిదాకా నమ్మలేదు.

మొదటి దశ: పైకి రాని శీలావతి (రోజు 1 నుంచి 30)

రోజు 1 నుంచి 6. బరువులో 2 శాతం లెక్కన రోజుకి 14 కిలోలు. పొద్దున్న 8కి పడవ మీద తిరుగుతూ చెరువంతా చల్లించాను. ఈశాన్యం గాలి. తొమ్మిదిన్నరకి చూస్తే పెల్లెట్ అంతా నైరుతి మూల గట్టుకి కొట్టుకొచ్చి, ఒండ్రు మీద గోధుమరంగు చారలా పేరుకుంది. దాని మీద గోరింకలు. నాలుగో రోజు ఆ చారంతా జల్లెడతో ఎత్తించి ఎండబెట్టి తూస్తే 5 కిలోల 200 గ్రాములు. పక్షులు తిన్నదీ, నాని అడుక్కి దిగిందీ దీనికి అదనం.

బాబాయి గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు.

"పైకొచ్చి తినడానికి అదేమన్నా బొచ్చె అనుకున్నావేంట్రా?"

రోజు 7. మేత 10 కిలోలకి తగ్గించాను. వెదురు బద్దలతో నాలుగు మీటర్ల చదరం కట్టి, చుట్టూ దోమతెర గుడ్డ 60 సెంటీమీటర్లు లోపలికి దింపాను. పెల్లెట్ కొట్టుకుపోవడం ఆగింది. చేప మాత్రం లోపలికి రాలేదు. ఐదు రోజులు చూశాను. మధ్యాహ్నానికి పెల్లెట్ ఉబ్బి బొరుగుల్లా అలాగే ఉండేది.

రోజు 12. గుడ్డ లోతు ఎక్కువైందని తోచింది. కత్తిరించి 25 సెంటీమీటర్లకి తెచ్చాను. గాలికి పెల్లెట్ ఆగడానికి అంత చాలు. ఇప్పుడు చేప చదరం కిందకి వస్తున్నట్టు నీటి కదలిక కనిపించింది. కానీ పైకి లేవదు. వెదురు మీద రెండు నీటికాకులు కాపురం పెట్టేశాయి, అదొక కారణం. అడుగు ఎత్తున నైలాన్ తాడు రెండు వరసలు లాగాక అవి వాలడం తగ్గింది.

రోజు 15. నీటి వేడి చూశాను. పొద్దున్న 7కి 22.5 డిగ్రీలు, పదిన్నరకి 25. చలి నీళ్లలో ఎనిమిదింటికే మేత వేయడం నా తప్పు. అప్పటినుంచి పదిన్నరకి మార్చాను.

రోజు 19. బాబాయి సలహా. "అది పుట్టినకాడ్నించీ సంచి దగ్గరే తిన్నది. సంచి కట్టు, వస్తది." నర్సరీ చెరువులోనూ ఈ పిల్లకి సంచి మేతే. చదరం మధ్యలో చిన్న సంచిలో రెండు కిలోల పొడి మేత కట్టి, పైన పెల్లెట్ చల్లాం. మూడో రోజు (రోజు 22) మధ్యాహ్నం మొదటిసారి నీటిమట్టం మీద మూతి కనిపించింది. తర్వాత సంచిని రోజూ ఒక జానెడు పైకి లాగుతూ, ఎనిమిదో రోజుకి తీసేశాం. ఈ 16 కిలోల పొడి మేత కింది మొత్తాల్లో కలపలేదు.

పెల్లెట్ బస్తా వచ్చినప్పుడు చేయాల్సిన పరీక్ష ఇక్కడే నేర్చుకున్నాను:

1. బస్తా మధ్యలోంచి 100 గింజలు లెక్కపెట్టి తీయాలి. పైన ఉన్నవి కాదు.
2. బకెట్లో చెరువు నీళ్లు పోసి వదలాలి. కుళాయి నీళ్లు వద్దు.
3. అరగంట తర్వాత మునిగినవి లెక్కపెట్టాలి. మొదటి లోడులో 31 మునిగాయి. మార్చి ఇచ్చిన లోడులో 4.
4. ఒక బస్తా అంతా జల్లించి పొడి తూయాలి. 35 కిలోల బస్తాలో నాకు 900 గ్రాముల పొడి వచ్చింది. ఆ పొడి చేప నోటికి అందదు, నీళ్లని పచ్చబరుస్తుంది.

మునిగిన లోడు అమ్మినచోటే మూడు వారాలు తడి గోడకి ఆనించి ఉందట. తేదీ చూడకుండా దింపుకున్నది నేనే.

మొత్తాలు, రోజు 30
పెల్లెట్ చెరువు: మేత 330 కిలోలు. శీలావతి 172 గ్రా, బొచ్చె 290 గ్రా. పెరుగుదల 104 కిలోలు. ఎఫ్‌సీఆర్ (చేప కిలో పెరగడానికి పట్టిన మేత కిలోలు) 3.17. కిలో పెరగడానికి మేత ఖర్చు 140 రూపాయలు.
సంచి చెరువు: మేత 540 కిలోలు. శీలావతి 185 గ్రా, బొచ్చె 310 గ్రా. పెరుగుదల 164 కిలోలు. ఎఫ్‌సీఆర్ 3.29. కిలోకి 79 రూపాయలు.

పెల్లెట్ పెట్టి తవుడంత ఎఫ్‌సీఆర్ తెచ్చుకున్నాను.

రెండో దశ: పైపు చదరం (రోజు 31 నుంచి 75)

వెదురు నాని బరువెక్కింది. దాని బదులు పీవీసీ పైపు. ఇది ఇప్పటికీ చెరువులోనే ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

1. 3 అంగుళాల పైపు 24 మీటర్లు, ఎల్బోలు 4. అతికించే ముందు ప్రతి ముక్కకీ రెండు చివర్లా మూత వేయాలి. ఒక ముక్క పగిలినా మిగతా మూడు తేలాలి. మొదటిసారి మూతలు వేయకుండా అతికించాను. ఒక ఎల్బో కారి ఒక వైపంతా మునిగింది.
2. వైపుకి 6 మీటర్లు. 36 చదరపు మీటర్లు.
3. షేడ్ నెట్ గుడ్డ 25 సెంటీమీటర్లు లోపలికి, 10 సెంటీమీటర్లు పైకి. పైన లేకపోతే చిన్న అలకే పెల్లెట్ దాటిపోతుంది. ఇది కూడా ఒకరోజు మేత పోయాకే తెలిసింది.
4. నాలుగు మూలలకీ లంగరు రాళ్లు. తాళ్లు నీటి లోతుకి అర మీటరు వదులుగా ఉండాలి.
5. గట్టుకి మరీ దగ్గర వద్దు. 12 మీటర్ల దూరంలో వేసి, సన్న వంతెనలా రెండు బల్లలు కట్టాం.

మేత రోజుకి సగటున 20 కిలోలు, పదిన్నరకి, మూడున్నరకి. రెండు పూటలా 20 నిమిషాల నియమం. ముందు సగం వేసి పది నిమిషాలు నిలబడి చూడాలి. అయిపోతే మిగతాది. 20 నిమిషాలకీ మిగిలితే రేపు 10 శాతం కోత. మూడు రోజులు వరసగా పది నిమిషాల్లోపే ఊడ్చేస్తే 5 శాతం పెంపు. బరువు శాతాల పట్టికలు మొదటి అంచనాకి పనికొస్తాయి, ఆ తర్వాత గడియారమే.

రోజు 58. చదరం దగ్గర పెద్ద చేపలే కనిపిస్తున్నాయి. వాటి వెనక చిన్నవి చుట్టూ తిరుగుతున్నాయి, లోపలికి దూరడం లేదు. రెండెకరాల చేపకి 36 చదరపు మీటర్ల కంచం చాలలేదు. రెండో చదరం వేయించాను, అది కట్టి దింపేసరికి రోజు 75 అయింది. రెండు చదరాలకి మొత్తం ఖర్చు 9,400.

రోజు 75. తూకం. ఇక్కడ ఒక పని సరిగ్గా చేశాను. విసురు వల చదరం పక్కన ఒకసారి, దూరపు మూలన ఒకసారి వేయించాను. చదరం పక్కన 30 చేపల సగటు 318 గ్రా. మూలన 30 చేపల సగటు 262 గ్రా. ఒకే చెరువు, ఒకే రోజు, 56 గ్రాముల తేడా. రెండిటి నడిమి అంకె రాసుకున్నాను.

మొత్తాలు, రోజు 75
పెల్లెట్: మేత 1,230 కిలోలు. శీలావతి 290 గ్రా, బొచ్చె 370 గ్రా. పెరుగుదల 608. ఎఫ్‌సీఆర్ 2.02. కిలోకి 89 రూపాయలు.
సంచి: మేత 1,800 కిలోలు. శీలావతి 280 గ్రా, బొచ్చె 440 గ్రా. పెరుగుదల 596. ఎఫ్‌సీఆర్ 3.02. కిలోకి 72.50.

ఎఫ్‌సీఆర్ చూస్తే పెల్లెట్ గెలిచినట్టు, డబ్బు చూస్తే ఓడినట్టు. చాలామంది మొదటి అంకె చెప్పి ఆగిపోతారు. 72.50ని 44తో భాగిస్తే 1.65. అంటే నా పెల్లెట్ ఎఫ్‌సీఆర్ 1.65 కంటే కిందికి రాకపోతే తవుడే చవక. అదే కిలో 38 రూపాయల మేతైతే 1.91 చాలు. 24 శాతం మాంసకృత్తుల 4 మిల్లీమీటర్ల పెల్లెట్ అప్పుడు 38కి దొరికింది. 300 గ్రాములకి దగ్గరపడ్డ శీలావతికి 28 శాతం అవసరం లేదనిపించింది. రోజు 76 నుంచి మార్చాను. ఒక్కసారిగా కాదు, ఐదు రోజులు సగం సగం కలిపి. ఖర్చు లెక్కకి మాత్రం రోజు 76 నుంచీ 38 అనే వేసుకున్నాను.

బొచ్చె విషయం కూడా ఇక్కడే పట్టుకోవాల్సింది. 370కీ 440కీ తేడా కనపడుతూనే ఉంది. నేను శీలావతి వరసే చూసుకున్నాను.

మూడో దశ: ఎండలు (రోజు 76 నుంచి 130)

ఏప్రిల్ రెండో వారానికి మధ్యాహ్నం నీరు 32 డిగ్రీలు దాటింది. రెండో పూట మేత మూడున్నర నుంచి అయిదుకి జరిపాను. వారంలోనే మళ్లీ మూడున్నరకి తెచ్చాను. సాయంత్రం తిన్న మేత అరిగేటప్పుడు చేపకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, అది సరిగ్గా రాత్రిపూట, చెరువులో ఆక్సిజన్ పడిపోయే సమయంలో. గుళికలు గబగబా తింటున్నాయని మురిసి వేళ మార్చడం తెలివితక్కువ.

రోజు 91. ఆక్సిజన్ మీటరు తెల్లవారుజామున 5కి సంచి చెరువులో 7.4 చూపించింది. చెరువులో చేపలేమో పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మీటరు మాట నమ్మాలా, చేప మాటా? మీటరు కొనకుండే పొర విప్పి చూస్తే కింద గాలి బుడగ. చుక్కల కిట్‌తో చూస్తే 1.8 పీపీఎం. పెల్లెట్ చెరువులో 2.9. మోటారు పెట్టి నీళ్లు చిమ్మించి, రెండిట్లోనూ ఆరోజు మేత ఆపాం. చచ్చినవి సంచి చెరువులో 22, పెల్లెట్ చెరువులో 3. అప్పటినుంచి వారానికోసారి మీటరుని కిట్‌తో పోల్చి చూస్తున్నాను. తెల్లవారి 3 కంటే తక్కువుంటే పొద్దుటి మేత లేదు.

అదే వారం సంచి చెరువులో అమ్మోనియా మొత్తం 1.5 పీపీఎం, పీహెచ్ 8.6. ఆ పీహెచ్‌లో, ఆ వేడిలో మొత్తం అమ్మోనియాలో పావు వంతు పైగా విషరూపంలో ఉంటుంది. పెల్లెట్ చెరువులో 0.5. మేతలో మాంసకృత్తులు తక్కువున్న చెరువులోనే అమ్మోనియా ఎక్కువేంటని మొదట తికమకపడ్డాను. శాతం తక్కువే, కానీ పడే మేత ఒకటిన్నర రెట్లకి పైనే. అందులో చేప ఒంటికి పట్టేది కొంతే, మిగతాది నీళ్లకే.

ఎంత నీళ్లకి పోతోందో కొలుద్దామని చేసిన పరీక్ష ఇది. చెరువున్న ఎవరైనా ఒక్క పూటలో చేసుకోవచ్చు.

1. రెండు మీటర్ల చదరపు సన్న వల పంజరం చెరువులో కట్టాలి. లోపల ఒక్క చేప ఉండకూడదు.
2. వాడుకలో ఉన్న సంచిలో 10 కిలోల పొడి మేత తూచి పోసి, లోపల వేలాడగట్టాలి.
3. రెండు గంటలాగి నెమ్మదిగా ఎత్తాలి. గబుక్కున లాగితే నీళ్లతోపాటు మేత జారిపోతుంది.
4. సంచిలో మిగిలింది పట్టా మీద పలచగా పరిచి రెండు రోజులు ఎండబెట్టి తూయాలి.

తిరిగొచ్చింది 8 కిలోల 300. ఏ చేపా ముట్టకుండా 1 కిలో 700 గ్రాములు పోయింది. ఎండడంలో కొంత తేడా ఉంటుందనుకున్నా ఎక్కువే. చిల్లులు చూశాను. పెట్టినప్పుడు పెన్సిల్ మందం, రెండేళ్ల వాడకంలో చిటికెనవేలు దూరేంత అయ్యాయి. కొత్త సంచులకి కాల్చిన చువ్వతో పెన్సిల్ మందం చిల్లులు పెట్టి మళ్లీ చూస్తే 9 కిలోల 100 తిరిగొచ్చింది. రోజు 98న సంచి చెరువులో ఆరు సంచులూ మార్చేశాను. పోలిక మధ్యలో ఒక చెరువు పద్ధతి మార్చడం తప్పే. కళ్లముందు మేత కారుతుంటే ఆగలేకపోయాను.

విచిత్రం ఏంటంటే, సంచులు మార్చాక ఎఫ్‌సీఆర్‌లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కారణం బాబాయి ఒక్క ముక్కలో తేల్చాడు: "కారింది ఎక్కడికి పోద్ది? బొచ్చె లేదా?" బొచ్చె నోరు పైకి తిరిగి, జోలెలా పెద్దగా ఉంటుంది. నీళ్లలోని సన్న తవుడు పొడినీ, ఆ తవుడు మీద బతికే జంతు ప్లవకాలనీ వడగట్టుకుని తినే చేప అది. సంచి నుంచి శీలావతికి అందకుండా జారినదాంట్లో కొంత బొచ్చె ఖాతాలో పడుతోంది. నా పెల్లెట్ చెరువులో ఆ జారేది లేదు, 4 మిల్లీమీటర్ల గింజ బొచ్చె పెద్దగా ముట్టడం లేదు. నేను ఆదా అనుకున్నది బొచ్చెకి పస్తు.

మొత్తాలు, రోజు 130
పెల్లెట్: మేత 2,660 కిలోలు. శీలావతి 500 గ్రా, బొచ్చె 520 గ్రా. పెరుగుదల 1,508. ఎఫ్‌సీఆర్ 1.76. కిలోకి 71.90.
సంచి: మేత 4,220 కిలోలు. శీలావతి 460 గ్రా, బొచ్చె 690 గ్రా. పెరుగుదల 1,416. ఎఫ్‌సీఆర్ 2.98. కిలోకి 71.50.

ఈ దశ ఒక్కదాన్నే విడిగా చూస్తే పెల్లెట్ ఎఫ్‌సీఆర్ 1.59. ఈ అంకె నలుగురికీ చెప్పుకుని తిరిగాను. చెప్పకుండా ఉండాల్సింది.

నాలుగో దశ: పడమటి గాలి, ముసురు, పేను (రోజు 131 నుంచి 200)

గాలి తిరిగింది. నైరుతి మూలకి లెక్క వేసి కట్టిన చదరాలకి ఇప్పుడు ఎదురు దెబ్బ. ఒక చదరం తాడు తెంచుకుని తూర్పు గట్టుకి పోయింది. రెండిటినీ పడమటి గట్టు మరుగుకి మార్చాం. మార్చిన చోట చేప అలవాటు పడడానికి నాలుగు రోజులు పట్టింది. గాలి మారే నెల ముందే తెలుసు కాబట్టి ఈసారి మే 20కే మారుస్తాను.

ముసురు రోజుల నియమం: ఎండ లేకపోతే సగం మేత, ఒకే పూట. వరసగా రెండో రోజూ మబ్బుంటే పూర్తిగా ఆపు. ఇలా పెల్లెట్ చెరువులో 8 రోజులు, సంచి చెరువులో 6 రోజులు మేత పడలేదు.

రోజు 147. పెల్లెట్ చెరువులో చేపలు ఎగిరి పక్కకి పడుతున్నాయి, 20 నిమిషాలకి సగం మేత మిగులుతోంది. వల వేసి చూస్తే పేను. రెక్కల మొదట్లో, పొట్ట కింద, పెసర బద్ద సైజులో పలచగా అతుక్కుని జరుగుతుంటాయి. ఒక్కో చేపకి ఆరేడు. ఫ్లోటింగ్ మేత వల్ల నాకు నికరంగా దక్కింది ఇదే: రోగం రెండో రోజే తెలిసింది. సంచి చెరువులో అదే పేను ఉన్నట్టు వారం తర్వాత గానీ బయటపడలేదు, సంచిలో మేత నెమ్మదిగా మిగులుతుంటే నీళ్లు చల్లబడ్డాయనుకున్నాం. మందు, మోతాదు ఇక్కడ రాయను. అది నీటి ఘనపరిమాణం కొలిచి వాడాల్సింది. నా మాట మీద కాకుండా మీ చెరువు చూసినవాళ్ల మాట మీద వాడండి.

రోజు 172. గోడౌనులో వేరుశనగ చెక్క ఆరు బస్తాలకి ఆకుపచ్చ బూజు. కారిన రేకు కింద పెట్టింది మేమే. "తవుడులో పది శాతమే కదా, కలిపేద్దాం" అన్నారు ఒకరిద్దరు. బూజు పట్టిన వేరుశనగలో వచ్చే అఫ్లాటాక్సిన్ ఎండబెడితే పోయేది కాదు, చేప కాలేయాన్ని తింటుంది. గోతిలో కప్పెట్టించాను. ఇప్పుడు బస్తాలన్నీ చెక్క బల్లల మీద, గోడకి జానెడు ఎడంగా.

రోజు 200. తూకానికి వల వేసేవాళ్లు ఒక్కపూటే దొరికారు, పైగా వాన. పెల్లెట్ చెరువులో చదరం పక్కనే రెండు విసుర్లు వేయించి సరిపెట్టాను. 318కీ 262కీ తేడా స్వయంగా కొలిచి రాసుకున్న మనిషినే.

మొత్తాలు, రోజు 200
పెల్లెట్: మేత 4,768 కిలోలు. శీలావతి 780 గ్రా, బొచ్చె 700 గ్రా. పెరుగుదల 2,700. ఎఫ్‌సీఆర్ 1.77. కిలోకి 69.80.
సంచి: మేత 8,060 కిలోలు. శీలావతి 730 గ్రా, బొచ్చె ఒక కిలో. పెరుగుదల 2,620. ఎఫ్‌సీఆర్ 3.08. కిలోకి 73.80.

కాగితం మీద పెల్లెట్ మొదటిసారి డబ్బులో కూడా ముందుకొచ్చింది.

పట్టుబడి (రోజు 214)

ఆగస్టు 19. లాగుడు వల, ఐసు, ట్రేలు. ప్రతి ట్రే కాటా మీద పెట్టించాను, పదేసి ట్రేలకి ఒక ట్రే లెక్కపెట్టించాను. కొనేవాళ్లకి విసుగొచ్చింది.

పెల్లెట్ చెరువు: శీలావతి 3,620, సగటు 745 గ్రా. బొచ్చె 371, 265 కిలోలు. మొత్తం 2,962 కిలోలు.
సంచి చెరువు: శీలావతి 3,690, సగటు 740 గ్రా. బొచ్చె 384, 400 కిలోలు. మొత్తం 3,131 కిలోలు.

780 గ్రాములన్న చేప రెండు వారాల మేత తిన్నాక 745 గ్రాములకి దిగదు. చదరం పక్కన నాకు దొరికినవి ఎప్పుడూ ముందు వరసలో తినేవే. దూరపు మూలల చిన్నవి లాగుడు వలలో బయటపడ్డాయి. అర కిలో లోపువి పెల్లెట్ చెరువులో సంచి చెరువు కంటే రెండింతల పైన ఉన్నాయి, వాటికి ధర వేరే కట్టారు.

అసలు లెక్క
పెల్లెట్: మొత్తం మేత 5,236 కిలోలు, పెరుగుదల 2,262, ఎఫ్‌సీఆర్ 2.31. మేత ఖర్చు కిలోకి 91.20.
సంచి: మొత్తం మేత 8,866 కిలోలు, పెరుగుదల 2,431, ఎఫ్‌సీఆర్ 3.65. మేత ఖర్చు కిలోకి 87.50.

కూలి, చదరాలు కలిపితే: సంచులు కట్టడం, మేత కలపడం ఈ చెరువు వాటాకి రోజుకి 130 పడింది, 207 రోజులు. పెల్లెట్ వేయడానికి రోజుకి 40, 205 రోజులు, పైన చదరాలకి 9,400. అన్నీ కలిపి సంచి చెరువులో కిలోకి 98.60, పెల్లెట్ చెరువులో 99. రూపాయి కూడా తేడా లేదు. మొదటి నెలలో వేసిన 330 కిలోల పెల్లెట్‌కి 14,520 రూపాయలైంది. అందులో సగం గట్టుకి కొట్టుకుపోకుండా ఉంటే లెక్క నావైపు మూడు రూపాయలు ఒరిగేది.

రూపాయల్లోకి రాని లెక్క ఇంకోటి: కిలో చేపకి సంచి చెరువులో 730 గ్రాముల మాంసకృత్తులు పోశాం, పెల్లెట్ చెరువులో 580. చెరువు ఎండగట్టాక తేడా కాలికే తెలిసింది. సంచి చెరువులో రాటల కింద నల్ల బురద మోకాలి దాకా, కుళ్లిన గుడ్డు వాసన. పెల్లెట్ చెరువులో చదరం కింద చీలమండ దాకా. దానికి రూపాయల్లో విలువ కట్టడం నాకు ఇంకా చేతకాలేదు.

మాయమైన చేపలు

చచ్చి తేలినవి మేం ఎత్తి రాసుకున్నవి సంచి చెరువులో 74, పెల్లెట్ చెరువులో 61. పట్టుబడిలో శీలావతి తక్కువొచ్చింది 310, 380. నీటికాకులు కొన్ని తిన్నాయి, ఒప్పుకుంటాను. రెండు చెరువుల్లోనూ వందలకొద్దీ తగ్గాయంటే మాత్రం నా అనుమానం మొదటి రోజు గంపల మీదే. పిల్ల తక్కువొస్తే మొదటి బరువు 700 కూడా తక్కువే, కాబట్టి అసలు పెరుగుదల ఓ 40 కిలోలు ఎక్కువుంటుంది. అది కలిపినా పెల్లెట్ ఎఫ్‌సీఆర్ 2.27. డైరీలో రాసుకున్న 1.77 దరిదాపుల్లోకి రాదు. చెరువులో లేని చేపలకి కూడా నేను 200 రోజులు బరువు కట్టాను.

రెండో విడత మార్పులు

1. పెల్లెట్ చెరువులో మొదటి రోజు నుంచే రెండు చదరాలు, ఒక్కోదాంట్లో చిన్న సంచి. పది రోజుల్లో సంచి పైకి లాగెయ్యడం.
2. రోజుకి రెండు కిలోల నానబెట్టిన తవుడు చదరాల బయట చల్లడం, బొచ్చె కోసం. శీలావతి ఖాతాలో రాయకుండా విడిగా రాయడం.
3. తూకానికి నాలుగు విసుర్లు, నాలుగు మూలలా. వాన పడితే వాయిదా, చదరం పక్కన సరిపెట్టడం లేదు.
4. పిల్ల గంపకి ఎంతుందో మేమే లెక్కపెట్టడం.

నాలుగోది ఈ పొద్దున్నే మొదలైంది. పిల్ల బండి గట్టు మీద ఆగింది, బాబాయి తడి గోనె పరిచి మొదటి గంప దానిమీద దింపించాడు. పిల్ల తెచ్చినవాళ్లు గంపకి 200 అన్నారు. ఇద్దరం రెండుసార్లు లెక్కపెట్టి టబ్బులోకి వదిలాం. రెండుసార్లూ 187.